చక్రం తిరగని చలికాలం

వెర్బా, సస్కచువాన్
డిసెంబర్ 2, 1968

తమ్ముడు ఓస్టాప్‌కి,

నీ ట్రాక్టర్‌ని ఎవరికైనా ఊరికే ఇచ్చెయ్యి. ఊరికే ఇచ్చినా పుచ్చుకునేవాడు దొరకడని నాకూ తెలుసు. అయినా ప్రయత్నించు.

నువ్వు గడ్డి అటక మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నావని పక్క పొలం యెవ్దోహా ఫోన్ చేసినప్పుడు నేను విన్నిపెగ్‌లో ఫ్యాక్టరీలో కూర్చుని కోటు కాలర్లు కుడుతున్నాను. వెచ్చగా, పొడిగా, కుర్చీలో. "ఈ ఒక్క చలికాలం పశువుల్ని చూసిపెట్టక్కా" అని నువ్వు కబురు చేస్తే సరేనన్నాను. పశువులంటే గడ్డీ నీళ్ళూ అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ ఇంట్లోనే పెరిగినదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా అనుకున్నాను. నాకూ గడ్డికీ మధ్య ఈ ఎర్ర రాక్షసి ఉంటుందని మాత్రం చెప్పలేదు నువ్వు.

ఇంజిన్‌తో నాకు పేచీ లేదు. రాత్రంతా కరెంటు హీటర్ తగిలించి ఉంచితే పొద్దున్నే బుద్ధిగా లేస్తుంది. పేచీ అంతా స్టీరింగ్‌తోనే. రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి, నడుం వెనక్కి వాల్చి లాగితే జానెడు తిరుగుతుంది. ఇంకో జానెడు కావాలంటే మళ్ళీ మొదటినుంచీ. లోపల పంపు పీక నొక్కుతున్నట్టు కీచుమంటుంది. షెడ్డు తలుపు దాటగానే కుడికి తిప్పాలా? తిప్పేలోగా కోళ్ళగూడు వచ్చేసింది. గూడు మూల ఇప్పుడు లేదు. కోళ్ళు వంటింట్లో ఉన్నాయి.

ఈ ట్రాక్టర్ కొన్నప్పుడు నువ్వు రాసిన ఉత్తరం నాకింకా గుర్తుంది. "హైడ్రాలిక్ స్టీరింగ్ అక్కా, ఒక్క వేలితో తిప్పొచ్చు" అని. ఎవరి వేలితో?

కుక్క బుర్కో బాగానే ఉంది. నన్ను చూసి రోజూ మొరుగుతుంది, నేనెవరో ఇంకా తేల్చుకోలేదు.

భుజాలు ఊడిపోయిన
నీ అక్క మెలానియా


సస్కటూన్ ఆసుపత్రి
డిసెంబర్ 9

అక్కకి,

నీ ఉత్తరంలో ట్రాక్టర్ ఎలా ఉందో ఉంది, కోళ్ళు ఎలా ఉన్నాయో ఉంది, కుక్క సంగతి కూడా ఉంది. నేనెలా ఉన్నానని ఒక్క ముక్క లేదు. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఎడమ కాలికి తాడు కట్టి, తాడుకి బరువులు కట్టి వేలాడదీశారు. కాగితం గుండెల మీద పెట్టుకుని పెన్సిల్‌తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నీ కళ్ళ తప్పు కాదు.

స్టీరింగ్ విషయం. చలికి నూనె గడ్డకట్టిన తేనెలా అయిపోతుంది. పంపు దాన్ని పీల్చలేదు, అందుకే ఆ కీచు. నీకు ఓపిక లేదు, అదీ అసలు జబ్బు. ఇంజిన్ వేసి అరగంట నెమ్మదిగా తిరగనివ్వు. నిలబడ్డ బండికి చక్రం తిప్పకు, కాస్త కదులుతుంటే తిప్పు. చివరిదాకా తిప్పి అక్కడే నొక్కిపెట్టి ఉంచకు, పంపు చచ్చిపోతుంది. మరీ చలిగా ఉంటే పొయ్యిలో నిప్పులు రేకు పళ్ళెంలో తీసుకెళ్ళి నూనె కింద పెట్టు. నాన్న పాత ట్రాక్టర్‌కి అలాగే చేసేవాడు.

వాగు దిగుడు దగ్గర జాగ్రత్త. అవతలి గట్టు నుంచి గడ్డి తెచ్చేటప్పుడు తగిలించిన బండి వెనక నుంచి తోస్తుంది. చిన్న గేరులో దిగు. నీకు ఇదివరకే చెప్పానని నాకు తెలుసు, మళ్ళీ చెబుతున్నాను.

ఏం కొంప మునిగినా సరే, ప్రోకిప్ గడప తొక్కకు. కంచె జరిపి మన నేల మింగినవాడు. మాటలు లేవు మాకు. వాడి పెళ్ళాం యెవ్దోహా మంచిదే, కానీ అందరికీ ఒకటే లైను కదా, ఎవరు ఫోన్ తీసినా అవతల వింటూ ఉంటుంది. అందుకే ఫోన్ చెయ్యకు, ఉత్తరమే రాయి.

పక్క మంచం ముసలాయన నా జెల్లీ కూడా ఆయనే తింటున్నాడు. నాకేం బెంగ లేదు.

ఓస్టాప్


వెర్బా
డిసెంబర్ 17

తమ్ముడికి,

నువ్వెలా ఉన్నావు? ఇదిగో, అడిగాను. ఇక నా సంగతి విను.

నిన్న సున్నాకి నలభై కింద. నువ్వు చెప్పినట్టే పళ్ళెంలో నిప్పులు పోసుకుని, చేతులు కాల్చుకుంటూ షెడ్డు దాకా మోసుకెళ్ళి, నూనె కింద పెట్టాను. కాసేపటికి వచ్చి చూద్దును గదా, ట్రాక్టర్ కింద పడున్న గడ్డి పొట్టు రాజుకుని పొగ వస్తోంది. మంచు కుప్పలు కుప్పలుగా ఎత్తి పోసి ఆర్పాను. షెడ్డు నిలబడే ఉంది. స్టీరింగ్ ఎప్పటిలాగే బిగుసుకునే ఉంది. వెచ్చబడిందల్లా నా ఒళ్ళొకటే.

అరగంట తిరగనివ్వమన్నావు. ముప్పావుగంట తిరగనిచ్చాను. కీచు తగ్గింది, అది ఒప్పుకుంటాను. కానీ బిగువు తగ్గలేదు. ఇంజిన్ వేడెక్కి, నూనె వేడెక్కి, నాకు చెమటలు పట్టాక కూడా చక్రం మొండికేస్తూనే ఉంది. నీ తేనె ఎప్పటికి కరుగుతుంది?

అరచేతులు పగిలాయి. రాత్రి వెన్న రాసుకుని చేతులకి మేజోళ్ళు తొడుక్కుని పడుకుంటున్నాను. దీని బదులు కోట్లు కుడుతూ కూర్చుంటే మహారాణిలా ఉండేదాన్ని. ఏ పాపం చేశానో, ఆ సూదీ దారం వదిలేసి వచ్చి ఈ ఆంబోతు కొమ్ములు పట్టుకున్నాను.

తెల్లమొహం ఆవు ఒకటుంది కదా, కడుపుతో ఉన్నది. గడ్డి బండి రావడం ఆలస్యమైతే కంచె దగ్గర నిలబడి నన్నే చూస్తుంది. నీకంటే అదే నయం, నోరెత్తి సలహా చెప్పదు.

మెలానియా


సస్కటూన్
డిసెంబర్ 26

అక్కకి,

నిప్పులు ఎక్కడ పెట్టావు? ఇంజిన్ కిందేనా? అయ్యో అక్కా, ఇంజిన్ నూనె వేరు, గేర్ల నూనె వేరు, హైడ్రాలిక్ నూనె వేరు. స్టీరింగ్‌కి ముందు వైపు చిన్న తొట్టి ఉంటుంది, దాని కింద పెట్టాలి. "నూనె కింద" అని రాశాను కదా, ఆ మాత్రం అర్థం కాలేదా? ఇక నిప్పులు వద్దు, ఆ ఊసే ఎత్తకు. షెడ్డు తగలబడితే లోపల నువ్వు ఉంటావు.

ధాన్యం కొట్టు వెనక నీలం డబ్బాలో పలచటి శీతాకాలపు నూనె ఉంది. పాతది వంచేసి అది పొయ్యి. నేను అక్టోబర్లోనే మారుద్దామనుకున్నాను, ఈలోగా అటక మీంచి పడ్డాను.

వేడెక్కాక కూడా బిగువంటే నమ్మలేను. నీకు అలవాటు లేక అలా అనిపిస్తోంది. ముందు మంచు తోసే పార తగిలించి ఉందా? దాని బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది, గడ్డికి వెళ్ళేటప్పుడు అది విప్పెయ్యి.

అరచేతుల సంగతి చదివి నిద్ర పట్టలేదు. మరీ కష్టంగా ఉందా? పోనీ ఎవరినైనా కూలికి పెట్టనా? నిజం చెప్పు.

నిన్న ఇక్కడ వాళ్ళ క్రిస్మస్. ఉప్పూ కారం లేని టర్కీ కోడి పెట్టారు. పాత పంచాంగం ప్రకారం మన పండక్కి ఇంకా పది పన్నెండు రోజులుంది, అప్పుడూ ఇదే మంచం.

ఓస్టాప్


వెర్బా
జనవరి 9, 1969

తమ్ముడికి,

కూలివాడిని పెడతావా? నీ అక్క చేతకానిదని ఊరంతా చెప్పుకోవడానికా? ఇంకోసారి ఆ మాట రాస్తే ఉత్తరం పొయ్యిలో పెడతాను. నీ మూడు నూనెల పురాణం కూడా చదివాను. ట్రాక్టర్‌కి మూడు రకాల నూనెలున్నాయని ముందే రాస్తే నీ పెన్సిల్ అరిగిపోయేదా?

పండగ రాత్రి ఒక్కదాన్నే వండుకున్నాను. గోధుమల్లో తేనె, గసగసాలు వేసి కుత్య చేశాను. రాలేనివాళ్ళకి పెట్టే ఆనవాయితీ కదా అని నీకో పళ్ళెం పెట్టాను. బుర్కో తినేసింది.

నూనె మార్చాను. నీలం డబ్బా మూత విప్పడానికే ఒక పూట పట్టింది. పార విప్పాను. నిజమే, కాస్త నయం. ఆ కాస్త చూసుకుని ధైర్యం వచ్చి నిన్న వాగు అవతలకి వెళ్ళాను. బండి నిండా కట్టలు వేసుకుని తిరిగి వస్తున్నాను. చిన్న గేరే! చిన్న గేరే అని చెబుతున్నాను, విను. దిగుడు మొదట్లో కుడికి వంపు ఉందా, అక్కడ తిప్పాను. చక్రం కదల్లేదు. లేచి నిలబడి వేలాడాను. కదల్లేదు. వెనక గడ్డి బండి, కింద మంచు గట్టిపడి అద్దంలా ఉంది, అది నన్ను తోసుకుంటూ పోయింది. నేను కుడికి వెళ్దామంటే ట్రాక్టర్ తిన్నగా వెళ్దామంది. తిన్నగానే వెళ్ళాం. ప్రోకిప్ కంచె రెండు గుంజలు విరిచేసి, వాళ్ళ వైపు మంచు కుప్పలో ముక్కు గుచ్చుకుని ఆగాం.

ఓస్టాప్, నాకు ఏం కాలేదు. గడ్డి కూడా పడలేదు.

ప్రోకిప్ వచ్చాడు, టోపీ కూడా లేకుండా.

"నీ తమ్ముడు పంపాడా, కంచె వెనక్కి జరపమని?" అన్నాడు.

"మా తమ్ముడు పంపితే ఇంత తక్కువ లోపలికి వస్తానా?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి, వెళ్ళి తన ట్రాక్టర్ తెచ్చి వెనక్కి లాగాడు. గడప తొక్కొద్దన్నావు, తొక్కలేదు. కంచె తొక్కాను.

వేళ్ళు కొంకర్లు పోయాయి, అందుకే రాత ఇలా ఉంది. చలికి, భయానికి కాదు. ఎందుకొచ్చానురా బాబూ ఈ కొంపకి! ఫ్యాక్టరీలో మేస్త్రి మార్చి నెలదాకా నా మిషను ఉంచుతానన్నాడు. ఒక్కోసారి ఆ మిషను కలలోకి వస్తోంది.

మెలానియా


సస్కటూన్
జనవరి 16

అక్కకి,

నీ ఉత్తరం నర్సు చేత మళ్ళీ చదివించుకున్నాను, నేను తప్పు చదివానేమోనని. నువ్వు ఇది నవ్వుతూ రాశావో ఏడుస్తూ రాశావో నాకు తెలియడం లేదు. ట్రాక్టర్ బోర్లా పడి ఉంటే? ఆ దిగుడు దగ్గర కంచె లేకపోయి ఉంటే వాగులోకే. నువ్వు కిందా, అది పైనా. నేనేమో ఇక్కడ కాలు వేలాడేసుకుని!

ఆ దిగుడు వైపు ఇక వెళ్ళకు. ఇవతల ఉన్న గడ్డితో సరిపెట్టు. పశువులు సగం కడుపుతో ఉంటే చావవు.

నువ్వు పడింది చాలక్కా. చెయ్యాల్సింది నేను చేస్తాను.

ఓస్టాప్


సస్కటూన్
జనవరి 27

అక్కకి,

ఈ ఉత్తరం చూసి నీ గుండె తేలికపడుతుంది.

ఆవులన్నిటినీ అమ్మేశాను. పశువుల వ్యాపారి లిండ్‌క్విస్ట్ ఇక్కడే ఆసుపత్రికి ఎవరినో చూడ్డానికి వచ్చాడు, నా మంచం దగ్గర కూర్చున్నాడు, మాట అయిపోయింది. ఫిబ్రవరి మొదటి వారంలో లారీలు తెస్తాడు. నువ్వు రోడ్డు మీద మంచు తోసి ఉంచితే చాలు. కోళ్ళని యెవ్దోహాకి ఇచ్చెయ్యి, బుర్కోని కూడా. ఇంటికి తాళం పెట్టి రైలెక్కు. మార్చి దాకా నీ మిషను ఉంటుంది కదా, ముందుగానే వెళ్ళి కూర్చో.

నేను బాధపడుతున్నానని అనుకోకు. ఆలోచించే చేశాను. పశువులు మళ్ళీ కొనుక్కోవచ్చు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు నాకు.

ఇక నువ్వు ఆ చక్రం ముట్టుకోవక్కర్లేదు.

ఓస్టాప్


వెర్బా
జనవరి 28

తమ్ముడికి,

ఓరి మొద్దూ! నూనె కాదురా!

నీ తేనె, నీ నీలం డబ్బా, నిప్పుల పళ్ళెం, మూడు నూనెలు అన్నీ పక్కన పెట్టి ఈ ముక్క విను. వేడెక్కాక కూడా బిగువుగా ఉందంటే "అలవాటు లేక" అన్నావు చూడు, దానికి నీ రెండో కాలు కూడా వేలాడదియ్యాలి.

విరిచిన కంచె బాగు చెయ్యాలి కదా అని గుంజలు పట్టుకుని వెళ్ళాను. ప్రోకిప్ కూడా వచ్చాడు. ఇద్దరం పాతుతున్నాం, గడ్డకట్టిన నేల, గునపం దిగదు, ఇద్దరికీ చిరాకు. మాటల్లో నేను స్టీరింగ్ గురించి మొదలుపెట్టాను. నేను మొదలుపెడితే ఆపనని నీకు తెలుసు. కాసేపు విని, "ముందు చక్రాలు నేల మీంచి లేపి చూశారా?" అన్నాడు. లేపలేదు, నువ్వు చెప్పలేదు.

మర్నాడు జాకీ తెచ్చాడు. ముందు భాగం ఎత్తి దుంగల మీద నిలబెట్టాం. ఇంజిన్ వెయ్యలేదు. స్టీరింగ్ చక్రం నుంచి వచ్చే కడ్డీ ఊడదీశాం. ఇప్పుడు గాలిలో ఉన్న ముందు చక్రాన్ని చేత్తో తోస్తే పక్కకి తిరగాలా? ఇద్దరం కలిసి తోశాం, కదల్లేదు! అప్పుడు తెలిసింది. చక్రాలు పక్కకి తిరిగే కీళ్ళు ఉన్నాయి చూడు, అక్కడ గ్రీజు ఎండి, తుప్పు పట్టి, చలికి రాయైపోయాయి. పాపం హైడ్రాలిక్కులు ఇన్నాళ్ళూ రాతిని తోస్తున్నాయి, నేను తిట్టింది వాటిని.

"ఓస్టాప్ గ్రీజు పెట్టలేదా?" అన్నాడు ప్రోకిప్, కాస్త సంతోషంగా.

"మా తమ్ముడు పెట్టకుండా ఉంటాడా?" అని నీ తరఫున పోట్లాడాను. పెట్టావు కూడా. గ్రీజు ఎక్కించే మూతి లోపల మట్టితో పూడిపోయింది. నువ్వు కొట్టిన గ్రీజంతా పక్కనుంచి బయటికి వచ్చేసి, పైపైన నిండుగా కనిపిస్తోంది. ఎవరికైనా తెలియదు. ప్రోకిప్ కూడా ఒప్పుకున్నాడు.

మంటతో వేడి చేసి, కిరోసిన్ పోసి, సుత్తితో బుజ్జగించి, కొత్త మూతులు బిగించి గ్రీజు ఎక్కించాం. పాత గ్రీజు నల్లటి బంకలా బయటికి వస్తుంటే నాకు పంటి నొప్పి పోయినంత హాయి. సాయంత్రం ఎక్కి కూర్చుని, ఒక్క వేలు పెట్టాను.

తిరిగింది, ఓస్టాప్! మొదటి పావుగంట కాస్త మూలుగుతుంది, చలి కదా, మూలగనీ. నిన్న అవతలి గట్టు గడ్డి మొత్తం తెచ్చేశాను. వంపు దగ్గర ఎంత నాజూకుగా తిరిగానో యెవ్దోహా కిటికీలోంచి చూసింది, ఫోన్‌లో నలుగురికి చెప్పింది కూడా.

ప్రోకిప్‌కి భోజనం పెట్టాను. నీ కుర్చీలో కూర్చున్నాడు. ఏం చేసుకుంటావో చేసుకో.

తెల్లమొహం వచ్చే నెలలో ఈనేలా ఉంది. సరే, ఉంటాను, గడ్డికి వెళ్ళాలి.

మెలానియా


వెర్బా
ఫిబ్రవరి 5

ఓస్టాప్!

ఎవర్నడిగి అమ్మావు?

నీ పశువులే, తెలుసు. నీ పొలం, నీ ట్రాక్టర్, నీ కాలు. ఇక్కడ నాదంటూ ఉన్నవి ఈ పగిలిన చేతులే. అయినా అడుగుతున్నాను. ఎవర్నడిగి?

నీ ఉత్తరమూ, లిండ్‌క్విస్టూ ఒకే రోజు వచ్చారు. నేనింకా కవరు చింపుతున్నాను, ఆయన గుమ్మంలో ఉన్నాడు. రాత్రి గాలికి రోడ్డు పూడిపోయింది. లారీలు పెద్ద రోడ్డు మీదే ఆగిపోయాయి. ఆయన పట్నం బూట్లతో మోకాలి లోతు మంచులో నడిచి వచ్చాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నీ ఉత్తరం ఆయన ముందే చదివాను. చదువుతుంటే నా మొహం ఎలా ఉందో ఆయన్నడుగు.

"రోడ్డు కాస్త తియ్యండమ్మా, లారీలు వస్తాయి" అన్నాడు.

"ట్రాక్టర్ స్టీరింగ్ బిగుసుకుపోయిందండీ. చలికి" అన్నాను.

"ఇందాక మీరు గడ్డి తెస్తుంటే చూశాను. బాగానే తిరిగింది కదా?"

"ఇందాక తిరిగింది. ఇప్పుడు బిగిసింది."

"ఇప్పుడంటే ఎప్పుడు?"

"మీరు గుమ్మం ఎక్కినప్పుడు."

పాపం ఆయన చెడ్డవాడు కాదు. పళ్ళెంలో ఉన్న బంగాళదుంప కూరిన పెరోహీలన్నీ తినేశాడు. రోడ్డు బాగయ్యాక వస్తానని వెళ్ళిపోయాడు. ఈ రోడ్డు ఏప్రిల్ దాకా బాగవదు. నేనుండగా బాగవదు.

"గుండె తేలికపడుతుంది" అని రాశావా? సున్నాకి నలభై కింద ఆ మొండి ఇనుముతో కుస్తీ పట్టి ఒక్క ఆవు ఒక్క రోజు పస్తు ఉండకుండా చూసింది, తీసుకెళ్ళి లారీ ఎక్కించడానికా? చేతకాదని అనుకున్నావు. మొదట్నుంచీ అంతే. నాన్న ఆడపిల్లని ట్రాక్టర్ ఎక్కనివ్వలేదు. నువ్వు ఎక్కనిచ్చినట్టే ఎక్కనిచ్చి, ఉత్తరాల్లోంచి చెయ్యి పట్టుకుని దించావు.

జవాబు రాస్తే రాయి, లేకపోతే మానెయ్యి.

మెలానియా


సస్కటూన్
ఫిబ్రవరి 11

అక్కా,

చేతకాదని నేననుకోలేదు. ఒట్టు.

నువ్వు రాసిందే నేను చదివాను. భుజాలు ఊడిపోయాయన్నావు. అరచేతులు పగిలాయన్నావు. ఏ పాపం చేశానో అన్నావు, ఎందుకొచ్చానురా బాబూ అన్నావు, మిషను కలలోకి వస్తోందన్నావు. కంచె విరుచుకుని మంచులో పడ్డానన్నావు. ఇన్ని చదివి, కదల్లేని మనిషి ఏమనుకుంటాడు? మా అక్క నా కోసం నలిగిపోతోంది, నోరు విడిచి పంపెయ్యమని అడగలేకపోతోంది అనుకున్నాను. ఎలాగైనా నిన్ను ఆ ట్రాక్టర్ మీంచి దించాలనుకున్నాను. నా దగ్గరున్నవి ఆవులే, అవే ఇచ్చేశాను. లిండ్‌క్విస్ట్ వెళ్ళాక దుప్పటి మొహం మీదకి లాక్కుని పడుకున్నాను. పక్క మంచం ముసలాయన తన జెల్లీ నాకు పెట్టబోయాడు.

కీళ్ళ సంగతి రాసిన నీ ఉత్తరం నేను అమ్మేసిన తర్వాత వచ్చింది. "తిరిగింది, ఓస్టాప్!" అన్న చోట నాకేదో తేడాగా తోచింది. ఏడుస్తున్న మనిషి అలా రాయదే అనుకున్నాను. కానీ అప్పటికే మాట ఇచ్చేశాను.

నిన్న లిండ్‌క్విస్ట్‌కి ఫోన్ చేయించి మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన కోప్పడలేదు. "మీ అక్కయ్య ఆ రోడ్డు తియ్యదని నాకు టీ తాగేటప్పుడే తెలిసిపోయింది" అన్నాడు.

డాక్టర్ వచ్చే నెల పంపిస్తానన్నాడు. కానీ ఎడమ తుంటి పూర్తిగా వంగదట. ఈ వేసవి దాకా క్లచ్ తొక్కలేను. ఆ తర్వాత కూడా చూడాలన్నాడు, డాక్టర్లు చూడాలంటే ఏమిటో నీకు తెలుసు. అంటే విత్తనాలప్పటికి నేను గట్టు మీద నిలబడి ఉంటాను.

నిన్ను ఉండమని అడిగే ముఖం నాకు లేదు. అయినా ఈసారి సూటిగా అడుగుతున్నాను, నువ్వూ సూటిగా చెప్పు. నా కోసమని కాదు. అక్కడ ఉండటం నీకు ఇష్టమా? అవునో కాదో రాయి. చలి గురించి, నూనె గురించి, కోళ్ళ గురించి వద్దు.

ప్రోకిప్‌తో నేను మాట్లాడతాను. వచ్చాక.

ఓస్టాప్


వెర్బా
ఫిబ్రవరి 18

తమ్ముడికి,

అవును.

ఈ మాట రాయడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి, మిగతావి పొయ్యిలో ఉన్నాయి. నీకు జవాబు రాయకముందే ఫ్యాక్టరీ మేస్త్రికి రాశాను, నా మిషను ఆ కొత్తగా చేరిన పిల్లకి ఇచ్చెయ్యమని. నీ ఉత్తరం రాకముందే రాశాను, తేదీ కావాలంటే ఆయన్నడుగు. ఆవులు లేకపోయినా ఇక్కడే ఉందును.

ఓస్టాప్, విన్నిపెగ్‌లో ఉన్నన్నాళ్ళూ నీకు నెలకో ఉత్తరం రాసేదాన్ని. అన్నిట్లోనూ ఒకటే, అంతా బాగుంది, ఏమీ లోటు లేదు. మా ఆయన పోయిన ఏడు కూడా అదే రాశాను. ఆ ఉత్తరాలు చదివి నువ్వు ఏనాడూ కంగారు పడలేదు. ఆ గదిలో సాయంత్రం నేను తిట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు, వినేందుకు ఒక్క ప్రాణి లేదు. పడాల్సిన కంగారు అప్పుడు పడాల్సింది.

ఇక వచ్చేటప్పుడు బస్సులో పెద్ద రోడ్డు దాకా రా. అక్కడినుంచి నేను తీసుకొస్తాను, ట్రాక్టర్ వెనక గడ్డి బండిలో, దుప్పట్లు వేసి. "ఎడమకి, ఎడమకి" అని వెనకనుంచి అరిచావో, అక్కడే దింపేస్తాను.

తెల్లమొహం నిన్న ఈనింది, ఈ చలికాలంలోకల్లా చలి ఎక్కువగా ఉన్న రోజు చూసుకుని మరీ. దూడని వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టాను. కోళ్ళు వెళ్ళి గూట్లో సర్దుకున్నాయి అనుకునేలోపు ఇది వచ్చింది. నా ఒక్క మంచి జోడూ నమిలేసింది. బుర్కో దానిమీద మొరుగుతూనే ఉంది. రాత్రి ఇంజిన్ హీటర్ తగిలించడం మర్చిపోయాను, పొద్దున వేడినీళ్ళు మోసి మోసి నడుం పడిపోయింది. ప్రోకిప్ వచ్చి పక్కన నిలబడి ఒకటే సలహాలు, అచ్చు నువ్వే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చేతులు మళ్ళీ పగిలాయి. ఇక్కడ ఒక్కటంటే ఒక్కటి సవ్యంగా లేదు.

త్వరగా రా.

నీ అక్క
మెలానియా